పాత పవర్ హామర్ కొంటున్నారా? కాలు తీయగానే ఆగుతుందో లేదో ముందు చూడండి

హైదరాబాద్‌లో ఫతేనగర్, బాలానగర్ వైపు పాత మెషీన్లు అమ్మే షెడ్లలో పవర్ హామర్ (కాల్చిన ఇనుమును మోటారు బలంతో కొట్టే మెషీన్) కనబడితే కొనేవాళ్లు మొదట అడిగేది "టప్ ఎన్ని కిలోలు?" అని. టప్ అంటే పైకీ కిందికీ ఆడుతూ దెబ్బ కొట్టే దిమ్మె. అది రెండో ప్రశ్న కావాలి. పెడల్ మీద నుంచి కాలు తీస్తే ఎన్ని దెబ్బల్లో ఆగుతుంది, మెల్లగా నొక్కితే మెల్లగా కొడుతుందా అన్నది ముందు తేలాలి. యాభై కిలోల ఇనుము నిమిషానికి రెండు వందల సార్లకు పైగా పడుతుంటే, దానికి మూర దూరంలో మన చేతులు ఉంటాయి. అంత దగ్గర నిలబడి పని చేయించేది టప్ బరువు కాదు, దాని మీద మనకున్న పట్టు. కొనేటప్పుడు, బిగించేటప్పుడు, వాడేటప్పుడు చూడాల్సినవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. స్ప్రింగ్ హామర్‌లో మోటారు బెల్టుతో క్రాంకును తిప్పుతుంది, క్రాంకు కమాన్‌కట్ట (లారీలకుండే లాంటి పట్టీల స్ప్రింగు) ఒక కొసను ఆడిస్తుంది, రెండో కొసకు టప్ వేలాడుతుంది. గొడ్డళ్లు, పారలు, గడ్డపారలు చేసే షెడ్లలో ఎక్కువగా ఉండేది ఇదే. సామాను ఎక్కడైనా దొరుకుతుంది, మామూలు లేత్ ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా రిపేరు అవుతుంది. రెండోది న్యూమాటిక్. ఇందులో రెండు సిలిండర్లుంటాయి. ఒకటి గాలిని నొక్కుతుంది, ఆ గాలితో రెండోదాంట్లో టప్ ఆడుతుంది. బయట కంప్రెసర్ అక్కర్లేదు. పట్టు దీనికే ఎక్కువ: పెడల్ ఎంత నొక్కితే అంత దెబ్బ, టప్‌ను పైన ఆపి ఉంచొచ్చు. కానీ సిలిండరు అరిగితే ఖర్చు పెద్దది. 50 కిలోల స్ప్రింగ్ హామర్‌కు 3 నుంచి 5 హెచ్‌పీ మోటారు చాలు. అంతే బరువు న్యూమాటిక్‌కు 7.5 నుంచి 10 హెచ్‌పీ కావాలి, అంటే త్రీ ఫేజ్ కనెక్షన్ తప్పదు.

జేమ్స్ నాస్మిత్ 1842లో పేటెంట్ తీసుకున్న స్టీమ్ హామర్ తరహావి కూడా వేలాల్లో అప్పుడప్పుడు వస్తుంటాయి. వాటికి బాయిలరో, చాలా పెద్ద కంప్రెసరో ఉండాలి. ధర ఎంత తక్కువైనా చిన్న షెడ్డు వాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఇక బరువు. 25 కిలోల టప్ 25–30 మి.మీ. చదరపు కడ్డీని హాయిగా సాగదీస్తుంది. 50 కిలోలది 50 మి.మీ. దాకా పనికొస్తుంది. 100 కిలోలది 75 మి.మీ. మీదా పని చేస్తుంది కానీ దాని పునాది, కరెంటు, మోత అన్నీ వేరే లెక్క. కత్తులు, గొడ్డళ్లు, గేట్ల పని చేసే ఒకరిద్దరి షెడ్డుకు 40–50 కిలోలది సరిగ్గా సరిపోతుందని మా అభిప్రాయం. పాత బ్రిటిష్ మెషీన్ల ప్లేటు మీద హండ్రెడ్‌వెయిట్‌లో రాసి ఉంటుంది. ఒక హండ్రెడ్‌వెయిట్ అంటే 112 పౌండ్లు, సుమారు 50.8 కిలోలు. ప్లేటు ఊడిపోయి ఉంటే టప్‌ను కొలవండి. 150 × 150 × 280 మి.మీ. ఉక్కు దిమ్మె దాదాపు 49.5 కిలోలు తూగుతుంది.

టప్ కన్నా దాని కింద ఉండే దాగలి బరువు ముఖ్యం. టప్‌కు కనీసం పది రెట్లు ఉండాలి, పదిహేను రెట్లుంటే బాగా పని చేస్తుంది. దాగలి తేలికైతే దెబ్బలోని బలం కడ్డీలోకి పోకుండా నేలలోకి పోతుంది, షెడ్డు అదురుతుంది, పని మాత్రం సాగదు. టేపుతో కొలిచి లెక్క వేయండి: 350 × 350 × 700 మి.మీ. పోత ఇనుప దాగలి 617 కిలోలు వస్తుంది, అంటే 50 కిలోల టప్‌కు పన్నెండు రెట్లు. అయితే కొన్ని పోతలు లోపల గుల్లగా ఉంటాయి. కింద నుంచి టార్చి వేసి చూడకుండా ఈ లెక్క నమ్మకండి.

పగుళ్లు, అరుగుదల

కొత్తగా రంగు వేసిన పాత హామర్‌ను అనుమానంతోనే చూడాలి. రంగు కింద పుట్టీ, పుట్టీ కింద వెల్డింగ్ ఉండే అవకాశం ఉంది. బాడీ మీద పగులు ఎక్కువగా వచ్చే చోట్లు మూడు: నోరు తెరిచినట్టుండే వంపు లోపలి మూల, బాడీ అడుగున బోల్టు చెవులు, డై (కడ్డీకి తగిలే ఉక్కు దిమ్మె, టప్‌కు ఒకటి, దాగలికి ఒకటి) కూర్చునే డవ్‌టెయిల్ గాడి మూలలు. అక్కడ రంగు గీకించండి. శుభ్రంగా తుడిచి కిరసనాయిలు పూసి, పది పదిహేను నిమిషాల తర్వాత ఆరేలా తుడిచి, సుద్ద రుద్దండి. పగులు ఉంటే కిరసనాయిలు ఊరి సుద్ద మీద సన్నని గీత తేలుతుంది. ఇంకా నమ్మకంగా కావాలంటే వెల్డింగ్ సామాను దుకాణాల్లో డై పెనెట్రంట్ (పగుళ్లలోకి ఇంకే రంగు) డబ్బాలు మూడు కలిపి సెట్‌గా దొరుకుతాయి. డవ్‌టెయిల్ మూల చిట్లితే మార్చుకునే దిమ్మె ఉన్న మెషీన్లలో అది మార్చొచ్చు. బాడీ వంపులో పగులుంటే, వెల్డింగ్ ఎంత బాగా చేశామని చెప్పినా, కొనకండి. పోత ఇనుము మీద వేసిన వెల్డింగు నిమిషానికి రెండు వందల దెబ్బల కింద నిలుస్తుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

తర్వాత గైడ్లు, అంటే టప్ జారుతూ ఆడే దారులు. టప్‌ను కింద, మధ్యలో, పైన పెట్టి మూడు చోట్లా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు) దూర్చండి. 0.2–0.3 మి.మీ. దాకా సందు ఉంటే మంచి స్థితిలో ఉన్నట్టు. మధ్యలో మాత్రమే 1 మి.మీ. సందు వస్తే గైడు గుంట పడిందని అర్థం. దాన్ని బోల్టులు బిగించి సరిచేయలేం, ప్లేనింగ్ చేయించాలి. క్రాంకు బుష్‌ల కోసం గడ్డపారతో షాఫ్ట్‌ను పైకెత్తుతూ డయల్ గేజ్ పెట్టండి. గన్‌మెటల్ బుష్ అరిగితే భయపడక్కర్లేదు, కొత్తది లేత్ మీద చేయించొచ్చు. క్రాంకు పిన్ను కోడిగుడ్డులా అరిగితే మాత్రం ఖర్చు బుష్‌తో ఆగదు. మైక్రోమీటరుతో రెండు దిక్కులా కొలిచి తేడా చూడండి.

కమాన్‌కట్టలో ఒక్కో పట్టీని విడిగా చూడాలి, ముఖ్యంగా మధ్యలో బోల్టు దూరే బెజ్జం చుట్టూ. విరిగిన పట్టీని వెల్డింగ్ పెట్టి అతికించి ఉంటే ఆ కట్టను తుక్కు కిందే లెక్క కట్టండి. స్ప్రింగు ఉక్కు వెల్డింగు పక్కనే పెళుసెక్కి మళ్లీ విరుగుతుంది, విరిగిన ముక్క తల ఎత్తులో ఎగురుతుంది.

న్యూమాటిక్ అయితే కరెంటు లేకుండా ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పించండి. ప్రతి చుట్టులో గాలి నొక్కుకున్న బిగువు చేతికి తెలియాలి. వదులుగా తిరిగిపోతే పిస్టన్ రింగులో, సిలిండరో పోయినట్టు. నడిపి చూసేటప్పుడు టప్‌ను పైన ఆపే స్థితిలో ఉంచి ఒక నిమిషం గమనించండి. నెమ్మదిగా కిందికి దిగుతుంటే వాల్వు కారుతోంది.

నడిపి చూపించకుండా అమ్మేదాన్ని తుక్కు ధరకు మించి కొనకూడదు. నడిపేటప్పుడు వట్టి డైల మీద కొట్టించవద్దు, డై మీద డై పడితే రెండూ చిట్లుతాయి. 50 మి.మీ. గట్టి కర్ర దిమ్మె పెట్టించండి. పెడల్‌ను అతి మెల్లగా నొక్కితే టప్ కర్రను తాకీతాకనట్టు ఆడాలి. గట్టిగా నొక్కి ఒక్కసారి కాలు తీస్తే మరో దెబ్బలోపు ఆగాలి. రెండు మూడు దెబ్బలు పడ్డాక ఆగితే అది ఇంకా కొనదగిన మెషీనే, కానీ బ్రేకు బిగించకుండా పనికి పెట్టకూడదు.

ధర, వేలం, తరలింపు

ధరకు అడుగు మట్టం తుక్కు రేటే. వేబ్రిడ్జి చీటీ అడగండి. దాని మీద ఎంత ఎక్కువ ఇవ్వాలన్నది దాగలి, బాడీ, క్రాంకు ఎంత బాగున్నాయన్న దాన్ని బట్టి. మోటారు, బెల్టు, డైలు ఉన్నాయా లేవా అన్నది చిన్న విషయం, రాణిగంజ్‌లో బేరింగులు, బెల్టులు, పుల్లీలు అన్నీ దొరుకుతాయి. లాలాగూడ వర్క్‌షాపు ఉన్న దక్షిణ మధ్య రైల్వే తన తుక్కును ఐఆర్‌ఈపీఎస్ పోర్టల్‌లో ఈ-వేలం వేస్తుంది, ప్రభుత్వ రంగ సంస్థలవి ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ ఈ-వేలం సంస్థ ద్వారా వస్తాయి. వేలంలో సరుకు ఉన్నచోట ఉన్నట్టుగానే అమ్ముతారు, తర్వాత ఫిర్యాదుకు తావుండదు. కాబట్టి చూసే తేదీల్లో స్వయంగా వెళ్లి కిరసనాయిలు, సుద్ద పరీక్ష అక్కడే చేయాలి. బిడ్ ధర మీద జీఎస్టీ, ఎత్తి తెచ్చే ఖర్చు వేరు.

హామర్ పై భాగం కూడా బరువుగా ఉంటుంది, అందుకే లారీ మలుపు తిరిగితే పడిపోవచ్చు. టప్‌ను విప్పి విడిగా పెట్టండి, లేకపోతే కింద కర్ర దిమ్మె పెట్టి కట్టేయండి. బెల్టు స్లింగులు బాడీ చుట్టూ వేయాలి, క్రాంకు షాఫ్టుకు ఎన్నడూ వేయకూడదు. రెండు టన్నుల లోపు మెషీన్‌కు హైడ్రా క్రేను సరిపోతుంది. లారీలో దాన్ని నాలుగు వైపులా గొలుసులతో లాగి కట్టండి.

పునాది

హైదరాబాద్ నేల గురించి ఇక్కడ కాస్త ఆగాలి. చాలా చోట్ల రెండు మూడు అడుగుల్లోనే మొరం, దాని కింద బండ తగులుతుంది. బండ మీద నేరుగా కాంక్రీటు పోస్తే గట్టిదనం బాగుంటుంది కానీ అదురు అదే బండ గుండా పక్క షెడ్డు గోడలోకి పోతుంది. బండకూ కాంక్రీటుకూ మధ్య 100–150 మి.మీ. ఇసుక పొర దట్టించాలి. నల్లరేగడి ఉన్న చోట సమస్య తలకిందులు: వానల్లో ఉబ్బి ఎండల్లో కుంగుతుంది, మెషీన్ ఒక పక్కకు వాలుతుంది. ఆ మట్టి పూర్తిగా తీసి మొరం నింపి దిమ్మిస కొట్టించాలి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 2974 రెండో భాగం హామర్ పునాదుల గురించే. పెద్ద మెషీన్‌కు దాన్ని చదివిన ఇంజినీరుతో గీయించండి. ఒక టన్ను బరువుండే 50 కిలోల స్ప్రింగ్ హామర్‌కు 1.5 × 1.2 మీటర్లు, 0.9 మీటరు లోతు దిమ్మె మంచి మొదలు. అది 1.62 ఘనపు మీటర్లు, దాదాపు 3.9 టన్నులు. ఎం25 కాంక్రీటు, పైనా కిందా 12 మి.మీ. కడ్డీల జాలీ 150 మి.మీ. ఎడంతో. మొత్తం ఒకే దఫాలో పోయాలి. రెండు రోజులుగా పోస్తే మధ్య అతుకు దెబ్బలకు విడిపోతుంది. 28 రోజులు క్యూరింగ్ అయ్యేదాకా ఒక్క దెబ్బ కూడా కొట్టొద్దు. దిమ్మెకూ షెడ్డు ఫ్లోరుకూ మధ్య 25–50 మి.మీ. సందు వదిలి థర్మోకోల్ నింపి పైన తారు పోయాలి. తారు లేకపోతే ఆషాఢం వానలకే నీరు దిగి ఇసుక కొట్టుకుపోతుంది. మెషీన్ అడుగున 10–12 మి.మీ. కన్వేయర్ బెల్టు రబ్బరు వేసి బోల్టులకు డబుల్ నట్లు పెట్టండి. మొదటి వారమంతా రోజూ బిగించాలి.

మోత సంగతి కూడా ముందే ఆలోచించాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. ఇళ్ల మధ్య గల్లీలో పవర్ హామర్ పెట్టడం పొరుగువాళ్లకు న్యాయం కాదు. జీడిమెట్ల, కాటేదాన్ లాంటి పారిశ్రామిక వాడలో షెడ్డు అద్దె ఎక్కువైనా అదే దారి.

నడిపే ముందు

కొన్నవాళ్లు చాలామంది చేసే పని మోటారు పుల్లీ పెద్దది వేయడం. 1440 ఆర్‌పీఎం మోటారుకు 75 మి.మీ. పుల్లీ, మెషీన్‌కు 450 మి.మీ. ఫ్లైవీల్ ఉంటే 240 దెబ్బలు వస్తాయి. 100 మి.మీ. పుల్లీ వేస్తే 320 అవుతాయి. అప్పుడు కమాన్‌కట్ట తిరిగి వచ్చేలోపే క్రాంకు దిశ మారుతుంది, దెబ్బ తప్పుతుంది, పిన్ను విరుగుతుంది. మెషీన్ ఏ వేగానికి చేశారో అదే ఉంచండి.

స్ప్రింగ్ హామర్‌లో డైల మధ్య సందు కూడా పట్టును నిర్ణయిస్తుంది. క్రాంకు కింది కొసలో ఉన్నప్పుడు పై డై, కింది డైకి తాకకుండా మనం ఎక్కువగా కొట్టే కడ్డీ మందం అంత ఎత్తులో ఉండాలి. సందు మరీ ఎక్కువైతే దెబ్బ నీరసంగా పడుతుంది. సందు తక్కువగా ఉండి మందపు కడ్డీ పెడితే టప్ గంతులు వేస్తుంది, కాలు ఎంత జాగ్రత్తగా ఉన్నా అదుపులోకి రాదు. పని మారినప్పుడల్లా ఇది సరిచూసుకోవాలి.

బ్రేకు చేయడం కష్టమేమీ కాదు. ఫ్లైవీల్ చుట్టూ 40–50 మి.మీ. వెడల్పు ఇనుప పట్టీకి బ్రేక్ లైనింగ్ రివెట్ చేసి, ఒక కొసను బాడీకి, రెండో కొసను పెడల్ లివరుకు స్ప్రింగుతో కలపాలి. పెడల్ నొక్కితే పట్టీ వదలాలి, కాలు తీస్తే స్ప్రింగు లాగి బిగించాలి. స్ప్రింగు తెగితే టప్ ఆగకుండా పోయే ప్రమాదం ఉంది కాబట్టి రెండు స్ప్రింగులు పెట్టండి. పెడల్ మీద ఇనుప కమ్మీతో గొడుగు వేయండి, పైనుంచి పట్టుకారు జారిపడినా పెడల్ నొక్కుకోకూడదు. బెల్టుకు, ఫ్లైవీల్‌కు జాలీ గార్డు, కమాన్‌కట్టకు మందపు ఇనుప పట్టీలతో పంజరం తప్పనిసరి. తిరిగే భాగాలకు కంచె ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ నాటి మాట. మనుషులు పోగొట్టుకున్న వేళ్ల వల్ల వచ్చిన నియమం అది, ఇన్‌స్పెక్టరు రాకపోయినా పాటించాల్సిందే. పాత మోటారును మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూపించి ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ముందు ఆరబెట్టించండి, అప్పటికీ పెరగకపోతే రీవైండింగే. ఎర్త్ వేరుగా వేయించండి.

డైలకు ఈఎన్24 ఉక్కు, 40–45 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ కొలత) గట్టిదనం చాలు. ఇంకా గట్టి చేస్తే అంచు చిట్లి బుల్లెట్‌లా ఎగురుతుంది. అంచులకు 6–10 మి.మీ. గుండ్రం ఇవ్వండి, పదునైన అంచు కడ్డీలో మడత వేస్తుంది, ఆ మడతే తర్వాత పగులవుతుంది. డై బిగించే చీలకు 100 మి.మీ.కి 1 మి.మీ. వాలు ఉండాలి. పొడవునా తాకుతోందో లేదో ప్రష్యన్ బ్లూ (తాకిన చోట మరక పెట్టే నీలిరంగు) పూసి చూడండి. చీలను కొట్టేటప్పుడు మధ్యలో మెత్తని ఇనుప ముక్క పెట్టాలి, దాని వరుసలో ఎవరూ నిలబడకూడదు. పని మొదలైన పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే దాదాపు ప్రతి చీలా కాస్త వదులై ఉంటుంది. డిసెంబరు, జనవరి పొద్దున్నే డైల మధ్య ఎర్రగా కాల్చిన తుక్కు దిమ్మె కాసేపు పెట్టి వెచ్చబరచండి. చల్లని డై మొదటి దెబ్బలకే చిట్లే అవకాశం ఎక్కువ.

డై మార్చేటప్పుడు మోటారు ఆపితే సరిపోదు. టప్ కింద ఇనుప గొట్టంతో చేసిన ఊత పెట్టాలి, ఐసోలేటరుకు (కరెంటు పూర్తిగా తెంచే స్విచ్చి) తాళం వేయాలి. ఆ తాళంచెవిని ఊతకే గొలుసుతో కట్టి ఉంచితే ఊత తీసి చోట్లో పెట్టకుండా మెషీన్ ఆన్ చేయడం కుదరదు. ఇంత చవకైన రక్షణ మరొకటి లేదు.

కొట్టేటప్పుడు

మెత్తని ఇనుమును మెరిసే పసుపు రంగులో, 1150–1200 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఎరుపు మసకబారకముందే, 850 దగ్గర ఆపాలి. లారీ కమాన్ పట్టీ లాంటి స్ప్రింగు ఉక్కును 1050 దాటించకండి. చల్లారిన కడ్డీని కొడితే అది సాగదు, పట్టుకారును ఎగరేస్తుంది.

కడ్డీ కింది డై మీద పూర్తిగా ఆనాలి. కొస పైకి లేచి ఉంటే మొదటి దెబ్బకే పట్టుకారు కిందికో పైకో విసురుగా తన్నుతుంది. అందుకే పట్టుకారు కాళ్లు పొట్టకు ఎదురుగా కాకుండా పక్కటెముకలకు పక్కగా ఉండాలి, కాళ్ల మధ్య వేలు ఎన్నడూ పెట్టకూడదు. పట్టుకారు నోరు కడ్డీకి సరిగ్గా సరిపోవాలి, కాళ్లకు రింగు వేసి బిగించాలి. ఎత్తు మందం కన్నా రెండు రెట్లు దాటిన ముక్కను నిలబెట్టి కొట్టొద్దు, వాలి ఎగురుతుంది. డై అంచున కొట్టడం అలవాటైతే టప్ మెలితిరిగి గైడ్లు త్వరగా అరుగుతాయి.

కోసే పనిముట్లు, గాడి పనిముట్లు పొట్టిగా, మెత్తని ఇనుముతో ఉండాలి. ఉలిలాగా గట్టిపరిచినదాన్ని టప్ కింద పెట్టొద్దు. పిడి 10–12 మి.మీ. గుండ్రటి కడ్డీ అయితే దెబ్బకు వంగుతుంది, చేతికి అదురు తక్కువ. వేడి కడ్డీని కోసేటప్పుడు పూర్తిగా తెగేదాకా కొట్టకండి. 2–3 మి.మీ. మిగిల్చి వైస్‌లో విరవండి, లేకపోతే తెగిన ముక్క ఎర్రగా ఉండగానే షెడ్డు దాటుతుంది.

ఒకే మనిషి పెడల్, కడ్డీ రెండూ చూసుకోవాలి. హెల్పరు పెడల్ నొక్కే పద్ధతి మన షెడ్లలో బాగా అలవాటు, ఎక్కువ వేళ్లు పోయేదీ దాని వల్లే. తప్పదనుకుంటే చేతి సైగలు ముందే ఖాయం చేసుకోవాలి, మోతలో మాట వినిపించదు. చెప్పులతో, లుంగీతో, మెడలో తువాలుతో ఎవరూ దగ్గరికి రాకూడదు. ఐఎస్ 15298 గుర్తు ఉన్న బూట్లు, నూలు బట్టలు, పక్కలు మూసుకున్న కళ్లద్దాలు, చెవుల్లో ప్లగ్గులు, వాటిపై మఫ్‌లు. చెవుడు నెమ్మదిగా వస్తుంది, వచ్చాక పోదు. కొలిమి దగ్గరున్నవాళ్లకు కూడా మఫ్‌లు ఇవ్వండి.

గైడ్లకు గ్రీజు పెట్టొద్దు. కాల్చిన ఇనుము మీద నుంచి రాలే స్కేల్ (పెచ్చులు) అందులో కలిసి ఆకురాయిలా అరగదీస్తుంది. 68 గ్రేడ్ ఆయిల్ చుక్కలుగా పడుతూ పాతదాన్ని కడుగుతూ పోవాలి. పని మధ్యలో డై మీద స్కేల్‌ను పొడవు పిడి చీపురుతోనే తుడవాలి. సాయంత్రం పని ముగిశాక డైల మధ్య కర్ర దిమ్మె పెట్టి టప్‌ను దాని మీదకు దించి, ఐసోలేటరుకు తాళం వేసి, బెల్టు, కమాన్‌కట్ట, చీలలు, పునాది బోల్టులు ఒకసారి చూసి వెళ్లండి. వదులైన నట్టు వేడిగా ఉన్నప్పుడే తెలుస్తుంది, పొద్దున్నకు దాని సంగతి ఎవరికీ గుర్తుండదు.